సిరొంచ ఎండల్లో యాభై వనరాజా కోడిపిల్లలు: 56 రోజుల షెడ్డు డైరీ

పని మొదలయ్యే నాటికి ఉన్నది

మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా, ప్రాణహిత ఒడ్డుకు దగ్గర పెరడు. షెడ్డు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. పొడవు తూర్పు పడమరలుగా ఉంది. నాలుగు వైపులా అడుగున్నర ఇటుక గోడ, దాని మీద 4 అడుగుల జాలి. పైన ఇనుప రేకులు. చూరు ఒక్క అడుగే బయటికి వచ్చింది. ఇది మొదటి తప్పు, మూడడుగులు ఉండాల్సింది.

పిల్లలు 50, వనరాజా (పెరటి కోళ్ల రకం), ఒక్క రోజు వయసువి, మారెక్స్ అనే కోళ్ల తెగులు టీకా హేచరీలోనే వేసినవి. దించిన రోజు ఏప్రిల్ 18. అంటే ఆరో వారం సరిగ్గా రోహిణి కార్తెలో పడుతుంది. మళ్లీ వేసేవాళ్లు ఫిబ్రవరి మొదట్లోనే దించుకోవాలి. అప్పుడు మే నెలకు పిల్లలకు ఈకలు నిండుతాయి, టీకాలూ చాలావరకు అయిపోతాయి. ఈ డైరీ ఆలస్యంగా దించినవాళ్లకు.

కొలిచే సామాను: ఒకే రకం గాజు థర్మామీటర్లు రెండు, 5 కిలోల చేతి కాటా, ఒక లీటరు కొలత చెంబు. రెండు థర్మామీటర్లలో ఒకదాని బుడ్డికి లాంతరు వత్తి చుట్టి, వత్తి రెండో కొస చిన్న సీసాలో నీళ్లలో ముంచాం. అది తడి థర్మామీటర్. మొదటి నెల దాని అంకెలు రాసుకోవడమే తప్ప పట్టించుకోలేదు. జూన్‌లో దాని విలువ తెలిసింది.

రెండింటినీ కోడి ఎత్తులో, నేలకు జానెడు పైన కట్టాలి. మనిషి ఎత్తులో కడితే రేకు వేడి చూపిస్తుంది, పిల్ల ఎంత వేడిలో నిలబడిందో చూపించదు.

1వ వారం (ఏప్రిల్ 18–24): బల్బుతో పోయిన పిల్ల

బ్రూడర్ (పిల్లలను వెచ్చగా ఉంచే చోటు): 4 అడుగుల అడ్డకొలత గుండ్రంగా అట్టతో చిక్ గార్డ్ (చుట్టుకంచె), ఎత్తు అడుగున్నర. కింద రెండు అంగుళాల వరి ఊక, దాని మీద మూడు రోజులు పాత పేపరు. 60 వాట్ల ఫిలమెంట్ బల్బులు రెండు. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది కానీ వేడి ఇవ్వదు. ఫిలమెంట్ బల్బులు ఇప్పుడు అన్ని దుకాణాల్లో దొరకడం లేదు కాబట్టి పిల్లలు రాకముందే తెచ్చుకోవాలి.

దించిన వెంటనే చేసినవి:

1. లీటరుకు 50 గ్రాముల బెల్లం కలిపిన నీళ్లు. ఒక్కో పిల్ల ముక్కును ఒకసారి ముంచి వదలడం.
2. మూడు గంటల తర్వాత పేపరు మీద మక్క రవ్వ.
3. సాయంత్రం నుంచి స్టార్టర్ మేత, మామూలు నీళ్లు.

రెండు పిల్లలు 3వ రోజులోపే పోయాయి. కాళ్ల చర్మం ముడతలు పడి, ఎండినట్టు ఉన్నాయి. ప్రయాణంలో నీళ్లు లేక ఎండిపోయినవే. పెట్టె పొద్దున 8 లోపు చేరేట్టు చూసుకోవాలి, మధ్యాహ్నం బస్సులో వచ్చిన పెట్టె తీసుకోవద్దు.

మూడో పిల్ల మా తప్పు. మొదటి వారం పిల్లకు 33 నుంచి 35 డిగ్రీలు కావాలి, తర్వాత వారానికి మూడేసి తగ్గించుకుంటూ రావాలి అని ఎక్కడైనా చెబుతారు. ఆ మాట చలికాలానికి సరిపోతుంది. ఇక్కడ ఏప్రిల్ పొద్దున 9 గంటలకే నీడలో 35 దాటుతుంది. 5వ రోజు బల్బులు 9:30 దాకా వెలుగుతూనే ఉన్నాయి, గార్డ్ లోపల 41. పిల్లలన్నీ అట్టకు ఆనుకొని, రెక్కలు ఎత్తి, నోళ్లు తెరిచి ఉన్నాయి. ఒకటి అడుగున నలిగి చచ్చింది.

మార్చినవి:

- బల్బు గడియారం చూసి కాకుండా థర్మామీటర్ చూసి. 32 కంటే తగ్గితేనే వెలిగించాలి. అది రాత్రి 2 నుంచి పొద్దున 6:30 దాకానే అవసరపడింది. 9వ రోజు తర్వాత అసలు వెలిగించలేదు.
- అట్ట గాలిని ఆపేస్తోంది. పగలు జాలి గార్డ్, రాత్రి దాని చుట్టూ అట్ట.

థర్మామీటర్ లేనివాళ్లకు పిల్లలే కొలత. బల్బు కింద కుప్ప పడితే చలి. అంచులకు పారిపోతే వేడి. చెల్లాచెదురుగా పడుకొని, ఒకటి రెండు మేతలో తిరుగుతుంటే సరి.

7వ రోజు లసోటా (కొక్కెర తెగులు టీకా) కంటిచుక్క, పొద్దున 5:30కి, మంచు వేసిన ఫ్లాస్కులోంచి తీసి. కలిపిన టీకా గంటలోపు అయిపోవాలి. సీసా 100 డోసులది, కాబట్టి పక్కింటి పిల్లలకూ అదే పొద్దున వేసేస్తే వృథా కాదు.

లెక్క: 47 పిల్లలు. మేత 2.6 కిలోలు. నష్టం 3.

2వ, 3వ వారాలు: రేకు, నీళ్లు

పిల్లల విషయంలో రాయడానికి పెద్దగా లేదు. 14వ రోజు గంబోరో అనే తెగులుకు టీకా, అంతే. పనంతా రేకు మీదే.

రోజుకో ఎండ ఉంటుంది కాబట్టి షెడ్డు లోపలి అంకెను విడిగా చూస్తే మోసపోతాం. మధ్యాహ్నం 2 గంటలకు బయట చెట్టు నీడలో ఎంత, లోపల కోడి ఎత్తులో ఎంత, ఆ తేడానే రాశాం.

- వట్టి రేకు: బయటి కంటే 2.5 డిగ్రీలు ఎక్కువ.
- రేకు మీద సున్నం: బయటి కంటే 0.5 తక్కువ.
- సున్నం మీద వరిగడ్డి: 2.5 తక్కువ.

సున్నం కలిపిన తీరు: 10 కిలోల సున్నం రాత్రంతా 20 లీటర్ల నీళ్లలో నానబెట్టి, వడగట్టి, అర కిలో ఫెవికాల్ కలిపి రెండు పూతలు. మొదటిసారి ఫెవికాల్ లేకుండా పూశాం. రెండో రోజు గాలిదుమారానికి పొడిపొడిగా రాలి షెడ్డులో పడింది, పిల్లల కళ్లు ఎర్రబడ్డాయి. పూత సాయంత్రం వేయాలి, కాలే రేకు మీద వేస్తే పట్టదు. పూసేటప్పుడు పిల్లలను గంపల కింద దూరంగా ఉంచాలి.

గడ్డి ఆరంగుళాల మందం. రేకుకు ఆనించి పరిస్తే వేడి పట్టుకొని రాత్రి 11 దాకా వదలదు. వెదురు బద్దలు అడ్డం వేసి, నాలుగు వేళ్ల సందు ఉంచి పరిచాక రాత్రి 8 గంటలకే లోపల చల్లబడింది. ఎలుకలు చేరతాయి, చేరాయి కూడా. ఎలుక వెంట పాము వస్తుంది. అందుకని జాలి కింది అడుగున్నరకు అర అంగుళం కంతల జాలి అదనంగా బిగించాం. మామూలు కోళ్ల జాలిలో పాము దూరుతుంది.

నీళ్లు: 2 లీటర్ల ఎర్ర ప్లాస్టిక్ డ్రింకర్‌లో మధ్యాహ్నం 3కి నీళ్లు 39 డిగ్రీలు. పిల్లలు ముక్కు పెట్టి తీసేస్తున్నాయి. 47 పిల్లలు రోజుకు 2.6 లీటర్లే తాగాయి. కుమ్మరి దగ్గర చిన్న ముంతలు, వెడల్పు మూకుళ్లు తెచ్చి, ముంత మూతి పక్కన చిటికెన వేలంత కంత చేసి, నింపి మూకుడులో బోర్లించాం. నీళ్లు రంజన్ (పెద్ద మట్టికుండ) నుంచి. 3 గంటలకు ముంతలో 28 డిగ్రీలు. తాగినవి 3.7 లీటర్లు. ఇంత చౌకగా ఇంత ఫలితం ఇచ్చిన మార్పు డైరీ మొత్తంలో ఇదొక్కటే. ముంతకు పాచి పడుతుంది. రోజూ పీచుతో రుద్ది, నాలుగు రోజులకొకసారి ఎండలో ఎండబెట్టాలి, జోడీలు రెండు ఉండాలి.

లెక్క (21వ రోజు): 47 పిల్లలు. మేత మొదటి రోజు నుంచి కలిపి 16.3 కిలోలు. నష్టం 3.

4వ వారం (మే 9–15): తడి గోనెలు, రక్త పారుడు

బయట 43 దాటాక గడ్డి ఒక్కటే చాలలేదు. నాలుగు వైపులా జాలికి గోనె పట్టలు కట్టి, గంటకొకసారి చెంబుతో నీళ్లు చల్లాం. రెండు తప్పులు ఒకేసారి చేశాం.

మొదటిది, నాలుగు వైపులా కట్టడం. గాలి ఒకవైపు తడి గోనెలోంచి లోపలికి వస్తే, రెండోవైపు నుంచి బయటికి పోవాలి. అన్నీ మూసేసరికి లోపల ఉక్క, కళ్లు మండే అమ్మోనియా వాసన. రెండోది చెంబు. చల్లిన నీళ్లలో సగం ఊక మీదే పడ్డాయి. ఊక ముద్ద అయింది. 25వ రోజు రెట్టలో రక్తం కనిపించింది. రెండు పిల్లలు ముడుచుకున్నాయి, ఒకటి పోయింది.

రక్త పారుడుకు ఆంప్రోలియం 20 శాతం పొడి, లీటరు నీళ్లకు 1.2 గ్రాములు, 5 రోజులు. తర్వాత 0.6 గ్రాములు, 7 రోజులు. ఆ రోజుల్లో బీ1 ఉన్న విటమిన్ మందు కలపొద్దు. ఈ మందు పని చేసేదే బీ1ను అడ్డుకొని, రెండూ కలిపితే మందు వృథా. తడిసిన ఊకంతా ఎత్తేసి, కొత్త ఊక అంగుళమే పరిచాం. ఎండాకాలం మందంగా పరిస్తే అడుగున పులిసి అదే వేడెక్కుతుంది.

గోనెలు రెండోసారి కట్టిన తీరు:

1. పడమర వైపు 10 అడుగులు మాత్రమే. వేడిగాలి ఇక్కడ అటునుంచే కొడుతుంది. తూర్పు పూర్తిగా తెరిచి ఉంచాలి.
2. గోనె జాలికి అంటకుండా, బయట చూరు నుంచి వేలాడదీయాలి. మధ్యలో జానెడు సందు.
3. పైన అర అంగుళం పీవీసీ పైపు, నాలుగంగుళాలకొక సన్న కంత. గట్టు మీద 100 లీటర్ల డ్రమ్ము.
4. కింద నిలువునా కోసిన నాలుగంగుళాల పైపు, కారిన నీళ్లు బకెట్‌లో పడేట్టు.
5. పైపు మూతికి పాత చొక్కా గుడ్డ కట్టాలి. లేకపోతే రెండు రోజుల్లో కంతలు మూసుకుపోతాయి.

మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా 90 లీటర్లు వదిలితే 50 లీటర్లు బకెట్‌లో తిరిగి దొరికాయి. లోపల, బయట తేడా 7 డిగ్రీలకు పెరిగింది. బయట 44 ఉంటే లోపల 37.

28వ రోజు లసోటా రెండో విడత నీళ్లలో. పుస్తకం ప్రకారం టీకాకు ముందు రెండు గంటలు నీళ్లు ఆపాలి. ఈ ఎండల్లో ఒక గంట చాలు, అదీ తెల్లవారుజామున 4 నుంచి 5. లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి. బ్లీచింగ్ కలిసిన కుళాయి నీళ్లు వాడొద్దు.

లెక్క: 46 పిల్లలు. సగటు బరువు 300 గ్రాములు. మేత 27.1 కిలోలు. నష్టం 4.

5వ వారం: పొడుచుకోవడం

షెడ్డును సగానికి అడ్డం కట్టి 60 చదరపు అడుగుల్లోనే ఉంచాం. పిల్లకు 1.3 చదరపు అడుగులు. ఈ వయసుకు ఒక అడుగు చాలు అంటారు కానీ ఎండలో చాలదు. తోక దగ్గర కొత్త ఈకల మొదళ్లలో రక్తం ఉంటుంది, ఒకటి పొడిచిందంటే మిగతావి క్యూ కడతాయి. రెండు పిల్లలను విడిగా తీసి పసుపు, వేపనూనె రాశాం, బతికాయి. అడ్డం తీసేశాం. తోటకూర, మునగాకు కట్టలు కోడి ఎగిరి అందుకునే ఎత్తులో వేలాడదీశాం. పడమటి ఎండ నేరుగా పడకుండా షెడ్డుకు మూడడుగుల దూరంలో షేడ్ నెట్. మూడో రోజుకు ఆగింది. ఈ మూడింటిలో ఏది పని చేసిందో విడదీయలేదు. మా అంచనా, స్థలమే.

లెక్క: 46 పిల్లలు. మేత 40.4 కిలోలు.

6వ వారం (మే 23–29): నిండు తిత్తి

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. మే 26న నీడలో 45. మధ్యాహ్నం 1:30కి డ్రమ్ము ఖాళీ అయింది, కరెంటు లేక మోటారు నడవలేదు. గోనెలు 20 నిమిషాల్లో ఎండాయి. లోపల 40. సాయంత్రం 4కి మూడు పోయాయి. మూడూ పుంజులు, మందలో బరువైనవి. కోసి చూస్తే మూడింటి మెడ కింది తిత్తి మేతతో నిండుగా ఉంది.

గోనెలు ఎండడం ఒక కారణం, ఒప్పుకుంటాం. కానీ మిగతా 43 అదే వేడిలో నిలిచాయి. ఆ రోజు పొద్దున పని ఆలస్యమై మేత 11 గంటలకు పోశాం. తిన్న మేత అరగడంలో కోడి ఒంట్లో వేడి పుడుతుంది, మూడు నుంచి ఐదు గంటల దాకా. 11కి తిన్న మేత వేడి సరిగ్గా 2–4 మధ్య బయటి ఎండతో కలుస్తుంది. కోడి ఒళ్లు మామూలుగానే 41 దాటి ఉంటుంది, చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పడమే దానికున్న దారి. బరువైన కోడికి వేడి ఎక్కువ పుడుతుంది, ఒంటి వైశాల్యం ఆ లెక్కన పెరగదు. అందుకే ముందు పోయేవి ఎప్పుడూ పెద్దవే.

మార్చిన దినచర్య:

- పొద్దున 4:30 నుంచి 9 దాకా మేత. 9కి తొట్లు ఎత్తేయడం.
- 9 నుంచి 5 దాకా నీళ్లు, ఆకులే.
- సాయంత్రం 5 నుంచి రాత్రి 9 దాకా మేత, చిన్న ఎల్‌ఈడీ వెలుగులో. (దానికి పని ఇక్కడ దొరికింది.)
- తడిపిన మేత తెల్లవారుజామునే, గంటలో మిగిలింది పారేయాలి. ఎండకు రెండు గంటల్లో పులుస్తుంది.
- 12 నుంచి 4 దాకా 10 లీటర్ల నీళ్లకు బెల్లం 100 గ్రాములు, తినే సోడా 10 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు. మిగతా వేళల్లో వట్టి నీళ్లు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట ఉప్పు మానేయాలి. నిమ్మరసం, సోడా ఒకే నీళ్లలో కలిపితే నురగే మిగులుతుంది.

సోడా ఎందుకంటే, రొప్పే కోడి బొగ్గుపులుసు గాలిని మోతాదుకు మించి వదిలేస్తుంది. దాంతో రక్తంలో లవణాల పాళ్లు తప్పుతాయి. పెట్టల్లో గుడ్డు పెంకు పలచబడేదీ ఇందుకే. ఉల్లిగడ్డ తరిగి వేయమని చాలామంది చెబుతారు. మనిషైతే జేబులో పెట్టుకొని తిరుగుతాడు, కోడికి దానివల్ల తేడా మాకు కనిపించలేదు.

పడిపోయిన కోడిని చేతికి తీసుకుంటే చేయాల్సింది:

1. నీడకు తెచ్చి, మెడ దాకా మామూలు నీళ్ల బకెట్‌లో నిమిషం ముంచాలి. మంచు నీళ్లు వద్దు.
2. గాలి తగిలేచోట విడిగా ఉంచాలి. ముక్కు ముంచితే తనే తాగాలి, గొంతులో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
3. తలెత్తి నిలబడ్డాక గంట తర్వాతే మందలోకి.

ఇలా 27న రెండింటిని నిలబెట్టాం.

ఫ్యాన్ గురించి ఒక మాట. బయటి గాలి 41 దాటాక వట్టి ఫ్యాన్ పెడితే కోడికి కొలిమి తిత్తి ఊదినట్టే. దాని ఒంటి కంటే వేడి గాలిని దాని మీదికే తోస్తున్నాం. తడి గోనె వెనక పెట్టి, ఆ చల్లగాలిని లోపలికి లాగితేనే ఉపయోగం.

లెక్క (42వ రోజు): 43 పిల్లలు. సగటు 550 గ్రాములు. మేత 52.1 కిలోలు. నీళ్లు రోజుకు 7.5 లీటర్లు. నష్టం 7.

7వ వారం

ఆ దినచర్యతోనే గడిచింది. చావు లేదు. మేత 68 కిలోలకు చేరింది. అమ్మవారి (కోళ్ల మశూచి) టీకా ఈ వారం వేయాల్సింది, ఎండ చూసి ఆపాం.

8వ వారం (జూన్ 6–12): అదే గోనె, వేరే గాలి

జూన్ 8, మృగశిర. మబ్బు పట్టింది, చినుకు లేదు. బయట 38కి దిగింది, రోహిణి కంటే ఏడు తక్కువ. గోనెలు యథావిధిగా తడిపాం. లోపల 35.5. మే నెలలో 37 ఉన్నప్పుడు కోళ్లు పడుకొని మామూలుగా ఉండేవి. ఈ రోజు 35.5కే మొత్తం మంద రెక్కలు వదిలేసి రొప్పుతోంది. 3:30కి రెండు పోయాయి. తిత్తులు ఖాళీ. మేత తప్పు కాదు.

అప్పుడు తడి థర్మామీటర్ కాగితాలు తీశాం.

- మే 14, మధ్యాహ్నం 2: బయట పొడి 44, తడి 23.5. తేడా 20.5. లోపల పొడి 37, తడి 25.
- జూన్ 8, మధ్యాహ్నం 2: బయట పొడి 38, తడి 29.5. తేడా 8.5. లోపల పొడి 35.5, తడి 31.

తడి గోనె చల్లబరిచేది ఆ తేడా ఉన్నంత మేరకే. మా కట్టుబడితో తేడాలో మూడో వంతు దక్కింది. మేలో 7 డిగ్రీలు, జూన్‌లో రెండున్నర. ఆ రెండున్నరకు బదులుగా లోపలి గాలిని తేమతో నింపేశాం. కోడి రొప్పడం కూడా తడి గోనె పనే, గొంతులోని తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. తేమ గాలిలో అది ఆరదు. పొడి థర్మామీటర్ ఒక్కటే చూసినవాడికి షెడ్డు చల్లగా ఉన్నట్టే కనిపిస్తుంది.

ఒడిశాలో బరంపురం, గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలిలో కోళ్లు పెంచే మనవాళ్లు ఈ గోనెల పద్ధతిని యథాతథంగా ఎత్తుకోవద్దనేది ఇందుకే. అక్కడ మేలోనే మా జూన్ ఉంటుంది. వాళ్లకు పనికొచ్చేవి సున్నం, గడ్డి, ముంత, మేత వేళలు, ఫ్యాన్.

9వ తేదీ నుంచి పాటించిన గీత:

- బయట పొడి, తడి థర్మామీటర్ల తేడా 12 దాటితే గోనెలు తడపాలి.
- 8 నుంచి 12 మధ్య అయితే గంటకు పది నిమిషాలే, తూర్పు వైపు ఫ్యాన్ గాలిని బయటికి లాగుతుండగా.
- 8 లోపు అయితే గోనెలు విప్పేయాలి. నాలుగు వైపులా తెరిచి, ఫ్యాన్ నేరుగా కోళ్ల మీదికి. గాలి 41 కంటే తక్కువే కాబట్టి ఇప్పుడది మేలే.

ఈ అంకెలు మా షెడ్డువి. కోళ్లు ఎంత రొప్పుతున్నాయో చూసుకొని ఎవరి గీత వాళ్లు ఒకటి రెండు డిగ్రీలు జరుపుకోవాలి. 10న తేడా 8 కంటే తక్కువ. గోనెలు విప్పి, ఫ్యాన్ పెట్టాం. లోపల 37 చూపించింది, అంటే 8వ తేదీ కంటే ఒకటిన్నర ఎక్కువ. ఒక్కటీ పడిపోలేదు.

లెక్క (56వ రోజు, జూన్ 12): 41 పిల్లలు. సగటు 840 గ్రాములు, పుంజులు 960 దాకా. మేత మొత్తం 84.8 కిలోలు, బతికిన కోడికి 2.07 కిలోలు. నష్టం 9: ప్రయాణం 2, బల్బు 1, రక్త పారుడు 1, నిండు తిత్తి 3, తేమ 2.

మిగిలిన పని

- వాన పడగానే గడ్డి దించాలి. తడిసిన గడ్డి బూజు పడుతుంది, ఆ బూజు కోడి ఊపిరికి చేటు.
- చూరు మరో రెండడుగులు పెంచాలి, లేకపోతే జల్లు ఊక మీద పడి రక్త పారుడు తిరగబెడుతుంది.
- ఆగిన అమ్మవారి టీకా, కొక్కెర తెగులుకు ఆర్‌2బి సూది, రెండింటికీ మధ్య వారం ఎడంతో, మధ్యాహ్నం 35 లోపు ఉన్న రోజులు చూసి వేయాలి.
- తడి థర్మామీటర్ వత్తి గట్టిపడింది, మార్చాలి.